దారిలో జారిపోయే కొలతలు: వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కుల్లో సమాచారం చేరే తీరు

వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కు అంటే తీగలు లేకుండా రేడియోలో మాట్లాడుకునే చిన్న కొలత యంత్రాల గుంపు. ఒక్కో యంత్రాన్ని నోడ్ అంటారు. నేలలో తేమనో, గాలిలో వేడినో, వంతెన కంపననో పసిగట్టే సెన్సరు, ఒక చిన్న మైక్రోకంట్రోలరు, ఒక రేడియో, బ్యాటరీ. నోడ్‌లో ఉండేవి ఇంతే. కొలిచినదాన్ని నోడ్లు బేస్ స్టేషన్ అనే కేంద్రానికి పంపాలి. దూరాన ఉన్న నోడ్ గొంతు అక్కడిదాకా వినిపించదు. కాబట్టి దాని కొలతలు మోసే ప్యాకెట్టు పక్క నోడ్‌కు, అక్కడి నుంచి ఇంకో నోడ్‌కు, అంచెలంచెలుగా ప్రయాణిస్తుంది.

ఈ రంగంలో తొలినాళ్ల పేరున్న ప్రయోగం 2002 వేసవిలో అమెరికాలోని మైన్ తీరానికి ఎదురుగా ఉన్న గ్రేట్ డక్ ఐలాండ్‌లో జరిగింది. లీచ్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షులు అక్కడ నేలలో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి. మనుషుల అలికిడి ఎక్కువైతే గూడు వదిలేస్తాయి. అందుకని బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇంటెల్ పరిశోధకులు కలిసి 32 నోడ్లను బొరియల్లోనూ పైనా పెట్టి, ఉపగ్రహ లింకు ద్వారా కొలతలను ఇంటర్నెట్టుకు ఎక్కించారు. మనిషి వెళ్లకుండా మనిషికి కబురు రావడం అప్పటికి కొత్త సంగతి. వేలాది నోడ్లను విమానంలోంచి చల్లితే చాలు, అవే వల అల్లుకుని పని చేస్తాయని ఆ రోజుల్లో ఆశపడ్డవారు ఉన్నారు. తర్వాతి ఏళ్లలో నిజమైన అడవుల్లో, పొలాల్లో, కొండల మీద జరిగిన ప్రయోగాలు ఆ ఆశను నేలకు దించాయి. కొలవడం పెద్ద కష్టం కాలేదు. కొలిచినది చేరడమే కష్టమైంది.

కాలిఫోర్నియాలోని సొనోమాలో 70 మీటర్ల ఎత్తున్న ఒక రెడ్‌వుడ్ చెట్టుకు సుమారు 2 మీటర్లకొకటి చొప్పున నోడ్లు కట్టి, 44 రోజులపాటు 5 నిమిషాలకొకసారి వేడి, తేమ, వెలుతురు కొలిచారు. 2005లో ఫలితాలు వెలువడ్డాయి. ఒక్కో నోడ్ నుంచి రావలసిన విడతలు 12,672. మొత్తం మీద చేతికి అందింది రావలసినదానిలో 49 శాతమే. ఈ ప్రయోగంలో ముందుజాగ్రత్త లేకపోలేదు. రేడియోలో పోయినా మిగిలేలా ప్రతి నోడూ తన ఫ్లాష్ మెమరీలో ఒక ప్రతి రాసుకునేలా ఏర్పాటు చేశారు. కాని ఆ రాత ప్రయోగశాలలో సెన్సర్లను సరిచూసుకునే రోజుల నుంచే మొదలైంది. చెట్టెక్కించే ముందు దాన్ని తుడిచేయలేదు. దాంతో ప్రయోగం సగంలో ఉండగానే చాలా నోడ్లలో మెమరీ నిండిపోయి రాత ఆగిపోయింది. రేడియో తడబడ్డ రోజులకు ఆసరాగా ఉండవలసిన ప్రతి, అవసరపడే వేళకు లేకుండా పోయింది.

నెదర్లాండ్స్‌లో ఒక బంగాళాదుంప పొలం కథ ఇంతకంటే చేదుగా ఉంటుంది. బంగాళాదుంపకు ఫైటాఫ్తొరా అనే తెగులు సోకుతుంది. 19వ శతాబ్దంలో ఐర్లండ్‌ను కరువులోకి నెట్టింది అదే. ఆకుల మధ్య తేమను కొలిస్తే తెగులు ఎప్పుడు వచ్చేదీ ముందే తెలుస్తుందన్న ఆలోచనతో 2005లో సుమారు 100 నోడ్లను పొలంలో నాటారు. నెట్‌వర్కు ద్వారానే కొత్త ప్రోగ్రాము పంచే సాఫ్ట్‌వేరు సరిగా అమరక, నోడ్లు ఎడతెరిపి లేకుండా ప్రోగ్రాము పంచుకుంటూ కొద్దిరోజుల్లోనే బ్యాటరీలు ఖాళీ చేసుకున్నాయి. మళ్లీ సరిచేసి నడిపితే మూడు వారాల్లో చేరింది 2 శాతం కొలతలు. ప్రయోగం చేసిన డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ వైఫల్యాన్ని దాచకుండా, ఏం చెడిందో వరుసగా రాసి 2006లో ప్రచురించారు. విజయాలను చెప్పే వ్యాసాలు డజన్లకొద్దీ ఉన్నా, ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారు ముందు చదవవలసింది ఇలాంటివే.

ప్యాకెట్టు ఎందుకు పోతుంది? మొదటి కారణం రేడియో లింకు స్వభావం. బొమ్మల్లో నోడ్ చుట్టూ ఒక వృత్తం గీసి, లోపల ఉన్నవారికి వినిపిస్తుంది, బయట ఉన్నవారికి వినిపించదు అని చూపిస్తారు. నేల మీద అలాంటి వృత్తం ఉండదు. 2003 ప్రాంతంలో జావో, గోవిందన్ అనే పరిశోధకులు ఒక జట్టుగా, వూ, టాంగ్, కల్లర్ ఇంకో జట్టుగా చేసిన కొలతల్లో ఈ సంగతి బయటపడింది. చాలా దగ్గరగా ఉంటే దాదాపు అన్ని ప్యాకెట్లూ అందుతాయి. చాలా దూరమైతే ఏదీ అందదు. ఈ రెండింటి మధ్య విశాలమైన సందిగ్ధ ప్రాంతం ఒకటుంది. అక్కడ ఒకే దూరాన ఉన్న రెండు నోడ్లలో ఒకదానికి 90 శాతం అందితే, ఇంకోదానికి 20 శాతం అందవచ్చు. యాంటెనా కాస్త తిరిగినా, పైరు ఏపుగా పెరిగినా, మధ్యలో ఎవరైనా నిలబడినా లెక్క మారిపోతుంది. అ నుంచి ఇ కి బాగా వినిపిస్తున్నంత మాత్రాన ఇ నుంచి అ కి వినిపించాలని లేదు.

రెండో కారణం సొంత గుంపులోని గలాటా. రెండు నోడ్లు ఒకేసారి మాట్లాడితే మధ్యలో ఉన్నదానికి రెండూ అర్థం కావు. బేస్ స్టేషన్ దగ్గరి నోడ్ల మీద ఊరందరి బరువూ పడుతుంది. వాటి క్యూ నిండితే కొత్తగా వచ్చిన ప్యాకెట్లను వదిలేయడం తప్ప మార్గం లేదు. పరాయి గలాటా కూడా తక్కువేమీ కాదు. చాలా నోడ్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే వైఫై ఉంటుంది. ఈ నోడ్ల రేడియోలు పాటించే ఐఈఈఈ 802.15.4 ప్రమాణం అక్కడ ఇచ్చే 16 చానళ్లలో 26వది వైఫై వాడుక చానళ్లయిన 1, 6, 11కు బయట ఉంటుంది. అందుకే పరిశోధనల్లో ఆ నంబరు అంత తరచుగా కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద కారణం అంచెల గుణకారం. ఒక్కో అంచెలో 100కి 90 ప్యాకెట్లు దాటుతాయనుకుంటే అది చెడ్డ లింకేమీ కాదు. అలాంటి అంచెలు పది దాటవలసి వస్తే చివరికి చేరేవి 35 మాత్రమే. చేరినట్టు చివరి నుంచి మొదటికి రసీదు పంపాలంటే ఆ రసీదుకూ ఇదే గతి. వంద ప్యాకెట్లు పంపితే తన సరుకు చేరిందన్న నిశ్చయం పంపినవారికి కలిగేది 12 సార్లే.

ఇంటర్నెట్టులో ఈ సమస్యను టీసీపీ అనే ప్రోటోకాల్ ఏనాడో పరిష్కరించింది కదా అన్న ప్రశ్న సహజం. టీసీపీ లెక్కలు వేరు. ప్యాకెట్టు పోయిందంటే దారిలో రద్దీ ఉందని అది భావించి వేగం తగ్గిస్తుంది. సెన్సర్ల వలలో ప్యాకెట్టు పోయేది ఎక్కువసార్లు గాలిలో సిగ్నలు పాడై. అక్కడ వేగం తగ్గిస్తే ఒరిగేదేమీ లేదు. పైగా 802.15.4 ఫ్రేములో, అంటే రేడియో ఒక్కసారి పంపే మూటలో, మొత్తం పట్టేది 127 బైట్లు. అందులో టీసీపీ, ఐపీ శీర్షికలే 40 బైట్లు తినేస్తే అసలు కొలతకు మిగిలేది కొంచెమే. శీర్షికలను కుదించి ఐపీని ఈ చిన్న ఫ్రేముల్లో ఇమిడ్చే 6లోప్యాన్ పద్ధతి 2007లో ప్రమాణమైంది. కాని తిరిగి పంపే బాధ్యత మొత్తం రెండు చివరలకే వదిలేయడం మాత్రం ఈ వలలకు నప్పలేదు.

స్లాబు వేసే చోట కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకోవడం అందరూ చూసినదే. మధ్యలో ఒక తట్ట జారిందనుకుంటే, ఆ సంగతి పైన మేస్త్రీ గమనించి, కింద మిక్సరు దగ్గరికి కబురంపి, మొదటి నుంచి కొత్త తట్ట తెప్పించడం ఒక పద్ధతి. ఎవరి చేతిలోంచి జారిందో వారే మళ్లీ నింపి పక్కవారికి అందించడం రెండోది. సెన్సర్ నెట్‌వర్కులు రెండో పద్ధతినే ప్రధానంగా పట్టుకున్నాయి. ప్రతి నోడూ ప్యాకెట్టు పంపాక పక్క నోడ్ నుంచి చిన్న రసీదు కోసం క్షణం ఆగుతుంది. రాకపోతే మళ్లీ పంపుతుంది. 802.15.4లో మామూలు అమరిక ప్రకారం మొదటిసారి కాక ఇంకో మూడుసార్లు ప్రయత్నిస్తుంది. వందకు 90 దాటే లింకులో నాలుగు ప్రయత్నాలూ విఫలమయ్యే అవకాశం పదివేలకు ఒకటి. అలాంటి పది అంచెలు దాటినా వెయ్యికి 999 చేరతాయి. ఖర్చులోనూ లాభమే. అంచెకంచె సరిచూసుకుంటూ పోతే పది అంచెలకు సగటున 11 ప్రసారాలు సరిపోతాయి. పోయినప్పుడల్లా మొదటి నుంచి పంపితే సగటున 19 దాకా అవుతాయి. చివరి నుంచి మొదటికి రావలసిన రసీదుల ఖర్చు ఇందులో కలపలేదు.

ఈ లెక్క కాగితం మీద ఉన్నంత అందంగా గాలిలో ఉండదు. నాలుగు ప్రయత్నాలు ఒకదానికొకటి సంబంధం లేనివని లెక్క అనుకుంటుంది. నిజానికి నష్టాలు గుత్తులుగా వస్తాయి. ఇప్పుడు పోయిన లింకులో కొన్ని మిల్లీసెకన్ల తర్వాత పంపినదీ పోయే అవకాశమే ఎక్కువ. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2008లో ఈ గుత్తితనాన్ని కొలిచే పద్ధతి చూపించి, వెంటవెంటనే పంపే బదులు అర సెకను ఆగి పంపితే చాలా లింకుల్లో ఫలితం మెరుగవుతుందని తేల్చారు. ఓపిక పట్టడానికి బ్యాటరీ ఖర్చు లేదు. ఆ అర సెకను ప్యాకెట్టును దాచుకునే చోటు మాత్రం మెమరీలో కావాలి.

రసీదు కూడా అబద్ధం ఆడగలదు. 2005 తర్వాత ఎన్నో ప్రయోగాల్లో వాడిన టెలోస్ నోడ్‌లో సీసీ2420 అనే రేడియో చిప్ ఉంటుంది. ఫ్రేము సరిగ్గా అందిందని చెక్‌సమ్ చూసుకోగానే ఆ చిప్ తనంతట తానే రసీదు పంపగలదు. అది వేగంగా జరుగుతుంది, మైక్రోకంట్రోలరుకు శ్రమ ఉండదు. కాని ప్యాకెట్టు అప్పటికి ఇంకా రేడియో చిప్‌లోనే ఉంది. దాన్ని మైక్రోకంట్రోలరు తన మెమరీలోకి లాక్కునేలోపు చిప్‌లోని చిన్న బఫరు పొంగిపొర్లినా, మైక్రోకంట్రోలరు వేరే పనిలో ఉండి తీసుకోకపోయినా ప్యాకెట్టు పోతుంది. రసీదు మాత్రం ముందే వెళ్లిపోయింది. పంపిన నోడ్ ఆ రసీదు నమ్మి తన ప్రతిని చెరిపేస్తుంది. ఇక ఆ కొలత లోకంలో ఎక్కడా లేదు. అందుకే ఈ నోడ్లలో నడిచే టైనీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రెండో తరంలో రసీదు పంపే పనిని చిప్‌కు వదలకుండా, ప్యాకెట్టు మైక్రోకంట్రోలరు చేతికి వచ్చాక సాఫ్ట్‌వేరే పంపేలా మార్చారు. కాస్త నెమ్మది అయినా ఆ రసీదుకు విలువ ఉంది.

రసీదు దారిలో పోతే ఇంకో చిక్కు. అందుకున్న నోడ్‌కు ప్యాకెట్టు అందింది, పంపిన నోడ్‌కు ఆ సంగతి తెలియదు. మళ్లీ పంపుతుంది, ఒకే కొలత రెండుసార్లు బయల్దేరుతుంది. ప్రతి అంచెలోనూ ఇలా జరిగితే పిల్లలు పుట్టినట్టు ప్రతులు పెరిగిపోతాయి. దీనికి విరుగుడు పుట్టిన చోటే ప్రతి ప్యాకెట్టుకూ నోడ్ గుర్తు, వరుస సంఖ్య వేయడం. వచ్చినది ముందే చూసిన సంఖ్య అయితే నోడ్ రసీదు పంపి, ప్యాకెట్టును పక్కన పడేస్తుంది.

అంచెకంచె ఎంత సరిచూసుకున్నా, రెండు అంచెల మధ్య నోడే ఆగిపోతే దాని చేతిలో ఉన్నదంతా పోతుంది. సాల్ట్జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పింది ఇదే: మధ్యలో చేసే జాగ్రత్త పనిని తేలిక చేస్తుందే తప్ప, పూర్తి భరోసా రెండు చివరల మధ్యే తేలాలి. సెన్సర్ల వలల్లో స్థిరపడిన ఆచారం కూడా ఆ మాటకు లోబడే ఉంది. ఎక్కువ పని అంచెల్లో జరుగుతుంది, ఆఖరి లెక్క బేస్ స్టేషన్ చూసుకుంటుంది.

తిరిగి పంపడం కంటే ముందు, మంచి దారి ఎంచుకోవడం ముఖ్యం. తక్కువ అంచెలున్న దారే మంచిదని తొలి పద్ధతులు భావించాయి. తక్కువ అంచెలంటే ఒక్కో అంచె పొడవు ఎక్కువ, అంటే లింకులన్నీ సందిగ్ధ ప్రాంతంలో పడతాయి. 2003లో ఎంఐటీ నుంచి వచ్చిన ఈటీఎక్స్ అనే కొలమానం దీన్ని సరిదిద్దింది. ఒక ప్యాకెట్టు దాటడానికి సగటున ఎన్ని ప్రసారాలు కావాలో అదే లింకు ఖరీదు. సగం పోగొట్టే ఒక అంచె కంటే దాదాపు ఏమీ పోగొట్టని ఒక అంచె చవక, కాబట్టి చెడ్డ లింకు ఒకటి ఎక్కి దిగేకంటే మంచి లింకుల మీద కాస్త చుట్టు తిరిగి పోవడమే మేలు కావచ్చు. ఈ కొలమానం మీద కట్టిన కలెక్షన్ ట్రీ ప్రోటోకాల్‌ను 2009లో 12 పరీక్షా కేంద్రాల్లో నడిపి చూస్తే 90 నుంచి 99.9 శాతం దాకా ప్యాకెట్లు చేరాయి. దాని గట్టితనం రెండు అలవాట్లలో ఉంది. ఒకటి, వదిలేసే ముందు ఒకే ప్యాకెట్టును 30కి పైగా సార్లు పంపి చూసే మొండితనం. రెండోది, దారి సమాచారాన్ని పంచే తీరు. అంతా సజావుగా ఉంటే నోడ్లు చాలా అరుదుగా పలకరించుకుంటాయి. ఎక్కడైనా తేడా కనిపిస్తే, అంటే ప్యాకెట్టు ముందుకు పోయే బదులు వెనక్కి తిరిగినట్టు తెలిస్తే, వెంటనే తరచుగా మాట్లాడి దారి సరిచేసుకుంటాయి. ఈ ఏర్పాటుకు మూలం 2004లో వచ్చిన ట్రికిల్ అల్గారిథమ్. 2012లో ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చిన దారి ఎంపిక ప్రోటోకాల్ ఆర్‌పీఎల్ కూడా దాన్నే వాడుకుంది.

ఈ జాగ్రత్తలన్నిటికీ డబ్బు చెల్లించేది బ్యాటరీ. టెలోస్ నోడ్ రేడియో వినడానికి దాదాపు 20 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. పంపడానికి అంతకంటే కాస్త తక్కువే. మాట్లాడటం కంటే చెవి ఒగ్గి కూర్చోవడమే ఖరీదు అన్నమాట. 2500 మిల్లీఆంపియర్ గంటల ఏఏ బ్యాటరీలతో ఎడతెగకుండా వింటే నోడ్ 125 గంటలు, అంటే అయిదు రోజులు బతుకుతుంది. ఏడాది బతకాలంటే రేడియో నూటికి 99 పాళ్ల సమయం నిద్రపోవాలి. నిద్రపోతున్న నోడ్‌కు ప్యాకెట్టు అందించడం మళ్లీ వేరే విద్య. పంపే నోడ్ ఎదుటిది లేచేదాకా పిలుస్తూనే ఉండటం ఒక దారి, ఇద్దరూ ముందే సమయం కుదుర్చుకుని ఒకేసారి లేవడం ఇంకో దారి.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ప్రతి ప్యాకెట్టూ చేరి తీరాలా? చాలా పాఠ్యగ్రంథాలు నమ్మకాన్ని ఒకే కొలబద్దతో కొలుస్తాయి: పంపినవెన్ని, చేరినవెన్ని. ఆ శాతం అవసరమే కాని, ఏ కొలత ఎవరికి ఎందుకు కావాలో తెలియకుండా అది మంచిదో చెడ్డదో చెప్పలేదు.

నేలలో తేమ విషయం చూడవచ్చు. కర్ణాటకలోని పావగడ తాలూకా పూర్వపు అనంతపురం జిల్లా మధ్యకు చొచ్చుకుని ఉంటుంది. వాన తక్కువ, వేరుశనగ ఎక్కువ. అక్కడి చెన్నకేశవపురంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లండ్‌లోని లొజాన్ సాంకేతిక సంస్థ కలిసి కామన్‌సెన్స్ నెట్ అనే పథకం కింద మెట్ట రైతుల కోసం సెన్సర్లు పెట్టాయి. వేరుశనగ వేళ్ల దగ్గర తేమ గంటలోపల తలకిందులు కాదు. వరుసగా రెండు మూడు కొలతలు పోయినా ముందు వెనకల కొలతలను బట్టి మధ్యది ఊహించవచ్చు. అలాంటి చోట ప్రతి ప్యాకెట్టు కోసం 30 సార్లు ప్రయత్నించడం బ్యాటరీని మట్టిలో పోయడమే.

సంఘటనను పసిగట్టే వలల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. అడవిలో పొగ లేచిందని పది నోడ్లు ఒకేసారి చెబితే అందులో నాలుగు చేరినా చాలు. జార్జియా టెక్ నుంచి 2003లో వచ్చిన ఈఎస్ఆర్‌టీ పద్ధతి ఒక్కో ప్యాకెట్టు భద్రతను పట్టించుకోదు. సంఘటన సంగతి బేస్ స్టేషన్‌కు తగినంతగా తెలుస్తోందా లేదా అన్నదే చూసుకుని, నోడ్లను ఇంకా తరచుగా పంపమనో నెమ్మదించమనో చెబుతుంది. తరచుదనం మితిమీరితే రద్దీ పెరిగి చేరేవి తగ్గుతాయని అది గుర్తించింది.

ఒక్క బైటూ పోకూడని సరుకు నోడ్లకు పంపే కొత్త ప్రోగ్రాము. కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి 2002లో వచ్చిన పీఎస్‌ఎఫ్‌క్యూ ఈ పని కోసమే పుట్టింది. ముక్కలను తాపీగా తోయడం, మధ్యలో ఏదైనా ముక్క లేదని తెలియగానే పక్క నోడ్ నుంచి గబగబా లాక్కోవడం దాని సూత్రం. పంపినవారు రసీదు కోసం చూడరు. ముక్క రాలేదని అందుకునేవారే అడుగుతారు. లోటు కబురు పద్ధతి అని దీన్ని అనవచ్చు. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు రసీదుల ఖర్చే ఉండదు. ఆఖరి ముక్క పోతే మాత్రం అది లేదన్న సంగతే తెలియదు. కాబట్టి మొత్తం ముక్కలెన్నో ముందే చెప్పాలి.

పెద్ద మొత్తంలో కొలతలు లాగవలసిన చోట్ల ఇదే సూత్రం తలకిందులుగా పనికొచ్చింది. ఈక్వెడార్‌లోని రెవెంటడోర్ అగ్నిపర్వతం మీద 2005 ఆగస్టులో హార్వర్డ్ బృందం 16 నోడ్లను 3 కిలోమీటర్ల వరసలో పెట్టి 19 రోజులు నడిపింది. భూకంపన, ధ్వని సెన్సర్లు సెకనుకు 100 సార్లు కొలుస్తాయి. అంత సమాచారాన్ని ఎప్పటికప్పుడు పంపే స్తోమత ఆ రేడియోకు లేదు. అందువల్ల ప్రతి నోడూ ఫ్లాష్ మెమరీలో రాసుకుంటూ, కంపన హఠాత్తుగా పెరిగినప్పుడు బేస్ స్టేషన్‌కు చిన్న కబురు పంపేది. తగినన్ని నోడ్లు ఒకేసారి అదే మాట చెబితే, బేస్ స్టేషన్ ఒక్కో నోడ్‌నూ పేరుపెట్టి పిలిచి ఆ 60 సెకన్ల నమోదును ముక్కలు ముక్కలుగా అడిగి తెచ్చుకునేది. రాని ముక్క ఏదో తనకే తెలుసు కాబట్టి దాన్నే మళ్లీ అడిగేది. 230 సంఘటనలు ఇలా పట్టుబడ్డాయి. సంఘటనకు అందిన సమాచారం మధ్యగత విలువ 68 శాతం.

మిగతా 32 శాతం ఎక్కడ పోయిందో చూస్తే రేడియోను మాత్రమే నిందించడం అన్యాయం. బేస్ స్టేషన్ కంప్యూటరు ఉన్న చోట కరెంటు నిలకడగా లేక అది తరచు ఆగిపోయింది. ఒక సాఫ్ట్‌వేరు లోపం వల్ల వల మొత్తం మూడు రోజులు పడకేసింది. అన్నిటికంటే మెలికైన సమస్య గడియారాలది. నోడ్ల గడియారాలను ఒకదానితో ఒకటి సరిపెట్టే ప్రోటోకాల్ అప్పుడప్పుడు తప్పుడు సమయం అంటగట్టింది. కంపన ఏ నోడ్‌కు ఎన్ని మిల్లీసెకన్ల ముందు చేరిందో తెలిస్తేనే దాని పుట్టుక చోటు చెప్పగలరు. సమయం తప్పిన కొలత భద్రంగా చేరినా భూకంప శాస్త్రవేత్తకు పనికిరాదు. తర్వాత కూర్చుని, ఉన్న ఆధారాలతో సమయాలను వెనక్కి సరిదిద్దుకోవలసి వచ్చింది. ప్యాకెట్టు చేరడం, కొలత చేరడం వేరువేరు సంగతులని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం ఇంకోటి లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన మీద 2006లో 64 నోడ్లు పెట్టినప్పుడు వంతెన ఆకారమే దారిని నిర్ణయించింది. పొడవాటి వరసలో 46 అంచెలు. అంచెకు 90 శాతం దాటే లింకుల మీద ఏ జాగ్రత్తా లేకుండా పంపితే చివరికి వెయ్యికి ఎనిమిది కూడా చేరవు. అక్కడా బేస్ స్టేషనే ఒక్కో నోడ్‌ను అడిగి లాగే పద్ధతి వాడి, 46వ అంచె నుంచి సెకనుకు 441 బైట్లు తెచ్చారు. నెమ్మదే, కాని పూర్తిగా వచ్చింది. వంతెన కంపనాల విశ్లేషణకు మధ్యలో ఖాళీలున్న వరుస అక్కరకు రాదు.

వంతెనల విషయంలో మన ఐఐటీ పరిశోధకులు పట్టిన దారి వేరు. కామేశ్వరి చేబ్రోలు, భాస్కరన్ రామన్ తదితరులు 2008లో ప్రచురించిన బ్రైమాన్ వ్యవస్థలో రైలు వంతెన మీది నోడ్లు ఎక్కువసేపు నిద్రలో ఉంటాయి. రైలు దగ్గరపడుతున్న సంకేతం అందగానే లేచి, రైలు దాటేటప్పుడు పుట్టే కంపనలు నమోదు చేసుకుంటాయి. ఆ సమాచారాన్ని ఊరవతల ఉన్న కేంద్రానికి అంచెలుగా పంపవు. వంతెన మీదుగా వెళ్లే రైలుకే అప్పగిస్తాయి. ఊరికి దూరంగా వాగు మీద ఉన్న వంతెనకు ప్రతిరోజూ వచ్చిపోయే వాహనం ఎలాగూ ఉన్నప్పుడు అదే మోసుకుపోతుంది. ఆలస్యాన్ని ఒప్పుకుంటే నష్టం తగ్గించుకోవచ్చన్నది ఈ ఆలోచనలోని కిటుకు.

ఆలస్యాన్ని ఒప్పుకోలేని చోటూ మన దేశంలోనే ఉంది. కేరళలోని మున్నార్ దగ్గర కొండవాలు మీద అమృత విశ్వవిద్యాపీఠం కొండచరియలు విరిగిపడే ప్రమాదాన్ని ముందే పసిగట్టే వల పెట్టింది. నేలలోతుల్లో నీటి ఒత్తిడి, వాలు కదలిక కొలిచి కొల్లం జిల్లాలోని ప్రాంగణానికి ఉపగ్రహం ద్వారా పంపుతుంది. వాన పెరిగేకొద్దీ కొలతలు తరచు చేయడం అందులోని ఏర్పాటు. ఎండాకాలంలో ఒక రోజు కొలతలు పోయినా పరవాలేదు. కుంభవృష్టి రాత్రి ఒక గంట పోతే వల ఉన్నా లేనట్టే. సరిగ్గా ఆ రాత్రే రేడియో, కరెంటు, ఉపగ్రహ లింకు అన్నీ ఒకేసారి ఇబ్బందుల్లో పడతాయి.

తిరిగి పంపకుండానే నష్టాన్ని తట్టుకునే దారులు కొన్ని ఉన్నాయి. ఎనిమిది ప్యాకెట్ల సమాచారాన్ని రీడ్-సాలమన్ సంకేతంతో 12 చేసి పంపితే వాటిలో ఏ ఎనిమిది అందినా మొత్తం తిరిగి కట్టవచ్చు. లింకు బాగున్నప్పుడు మాత్రం ఆ అదనపు నాలుగూ దండగ ఖర్చు. పరిశ్రమలు పట్టుకున్న దారి టైమ్ టేబుల్. 2007లో వచ్చిన వైర్‌లెస్‌హార్ట్, 2012లో 802.15.4కు చేర్చిన టీఎస్‌సీహెచ్ విధానాల్లో ఎవరు ఎప్పుడు ఏ చానల్లో మాట్లాడాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. గుద్దుకోవడం ఉండదు. మళ్లీ పంపవలసి వస్తే ఇంకో చానల్లో పంపుతారు కాబట్టి ఒక చానల్లోని వైఫై రొద రెండో ప్రయత్నాన్ని చెడగొట్టదు. 2011లో జూరిక్ పరిశోధకుల గ్లాసీ పద్ధతి ఇంకా సాహసం చేసింది. నోడ్లన్నీ ఒకే ప్యాకెట్టును మైక్రోసెకనులో సగానికి మించని తేడాతో ఒకేసారి పలికితే, సిగ్నళ్లు ఒకదాన్నొకటి చెడగొట్టుకోకుండా గట్టిపడతాయని చూపించింది. పరీక్షా కేంద్రాల్లో 99.99 శాతానికి పైగా చేరాయి.

ఇటీవలి లోరావాన్ అనే దూరశ్రేణి రేడియో పద్ధతిలో అంచెలే లేవు. నోడ్ కిలోమీటర్ల దూరంలోని గేట్‌వేతో నేరుగా మాట్లాడుతుంది. మన దేశంలో దీనికి 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే పట్టీ ఉంది. రసీదు కావాలని నోడ్ అడగవచ్చు. కాని గేట్‌వే రసీదు పంపుతున్నంతసేపు దానికి చెవులు పనిచేయవు. ఆ సమయంలో మిగతా నోడ్లు పంపినవి పోతాయి. వందలాది నీటి మీటర్లు అన్నీ రసీదు కోరితే, రసీదుల వల్లే నష్టం పెరుగుతుంది. అలారం లాంటి అరుదైన కబురుకే రసీదు అడిగి, రోజువారీ రీడింగును వరుస సంఖ్యతో వదిలేయడం మేలు.

ఆ వరుస సంఖ్య, దానితోపాటు కొలిచిన సమయం, ఈ రంగంలో అన్నిటికంటే చవకైన భరోసా. రెండూ కలిపి ఆరు బైట్లకు మించవు. ఏది పోయిందో అవి చెబుతాయి. పోయినది తెలిస్తే అడిగి తెచ్చుకోవచ్చు, ఊహించవచ్చు, కనీసం ఖాళీని ఖాళీగా చూపించవచ్చు. 99 శాతం చేర్చి మిగిలిన ఒక శాతం ఏదో చెప్పలేని వల కంటే, 80 శాతం చేర్చి మిగతా 20 ఎక్కడెక్కడ పోయాయో చూపే వల శాస్త్రానికి ఎక్కువ పనికొస్తుంది. ఖాళీలను సరాసరి గీతతో కలిపేసి నున్నగా చూపించే డాష్‌బోర్డులు ఈ భరోసాను చెరిపేస్తాయి.

పొలాల్లో, చెరువుల మీద, వంతెనల మీద ఇలాంటి వలలు పెట్టించే శాఖలు, సంస్థలు టెండరులో సాధారణంగా నోడ్ల సంఖ్య, బ్యాటరీ ఆయుష్షు, మొత్తం చేరిక శాతం అడుగుతాయి. వాటితోపాటు మూడు సంగతులు రాయించుకోవాలి: నోడ్ వారీగా, నెల వారీగా చేరిక లెక్క, పోయిన ప్రతి కొలత స్థానం రికార్డులో ఖాళీగా కనిపించడం, అప్పగింత పరీక్ష వానాకాలంలో, పైరు ఏపుగా ఉన్నప్పుడు జరగడం.